కొలతకు కుట్టిన రవిక

నేతగాని మగ్గము దిగిన గుడ్డ నలుచదరముగా నుండును. మనుష్యదేహమున నలుచదరమైన చోటొక్కటియు లేదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే దర్జీవాని పని. చీరయు ధోవతియు ఈ చిక్కును తెలివిగా తప్పించుకొన్నవి. వానిని కత్తెర తాకదు. కుచ్చెళ్ళు పోసి, చెఱగు త్రిప్పి, దోపుకొన్నంత మాత్రమున ఏ దేహమునకైనను అవి యమరును. అందుచేతనే ఒక చీరను తల్లియు కూతురును కోడలును కట్టుకొనగలరు. రవిక సంగతి వేఱు. ఒకరి రవిక మఱియొకరికి పట్టదు, పట్టినను నప్పదు. అది ఒక్క మనిషి కొఱకు, ఆ మనిషి కొలతకు, కుట్టవలసిన వస్తువు.

ఇది ఆడువారి సంగతి గదా, మాకెందులకని పెద్దలలో కొందఱు తలపవచ్చును. కాని పెండ్లికి పట్టుచీరలు తీయువారు మీరు. కుట్టుకూలి చెల్లించువారు మీరు. గుడ్డ చెడినప్పుడు ఇరుపక్షములవారును వచ్చి నిలుచుట మీ యరుగు ముందఱనే. పట్టుచీరతో కూడ నేయబడి వచ్చు రవికముక్క సామాన్యముగా 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములు మాత్రమే యుండును. దాని రంగును, అంచును, జరీయును ఆ చీరకే చెందినవి. ఒకసారి కత్తెర తప్పినచో అట్టి ముక్క మఱల ఏ యంగడిలోను దొరకదు. చీర వేలకొలది రూపాయలది. కుట్టుకూలి అందులో చిన్నపాలు. చెడిన గుడ్డకు బాధ్యులెవరను ప్రశ్న వచ్చినప్పుడు న్యాయముగా మాటలాడవలెనన్నచో, రవిక ఎట్లు తయారగునో, ఏ దశలో ఏ తప్పు పుట్టునో కొంత తెలిసియుండవలెను. ఈ ప్రసంగమున నేను చెప్పబూనిన దదియే.

దర్జీ యను మాట పారసీకము నుండి మనకు వచ్చినది. తెలంగాణమున ఈ వృత్తివారిని మేరవారందురు. చేతిసూదితో చిరకాలము సాగిన ఈ పనిలోనికి యంత్రము ప్రవేశించి ఇంకను రెండువందల యేండ్లు నిండలేదు. 1830లో ఫ్రాన్సు దేశమున తిమోనియే యను దర్జీ యొకడు కుట్టుయంత్రమునకు పేటెంటు పొందెను. తమ కూటికి చేటు మూడినదని తలచిన పారిసు దర్జీలు 1831లో అతని కార్ఖానాపై బడి యంత్రములను విఱుగగొట్టిరి. పిమ్మట అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను పేటెంట్లు పొందిన యంత్రములు లోకమంతట వ్యాపించినవి. యంత్రములయెడ అనుమానము గల గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరు కుట్టుయంత్రమును తన యాక్షేపణ వర్తింపని వానిలో నొకదానిగా పేర్కొనెను. పారిసు దర్జీలు భయపడినట్లు యంత్రము దర్జీని మ్రింగివేయలేదు. ఏలయన, యంత్రము కుట్టును గాని మనిషిని చూచి కొలువదు. ఏ గుడ్డను ఏ వైపునకు త్రిప్పి పఱువవలెనో దానికి తెలియదు. రవిక మంచిచెడ్డలు చాలవఱకు సూది కదలకముందే తేలిపోవును.

మంచి దర్జీ టేపు చేతబట్టుటకు ముందు మాటలాడును. ఈ రవిక ఏ చీరపైకి? పెండ్లిలో ఒకపూట తొడిగి పెట్టెలో దాచుటకా, ప్రతిదినము తొడుగుటకా? తొడుగునామె వరినాట్లు వేయునా? బడిలో పాఠము చెప్పుచు దినమంతయు నల్లబల్లపై చేయెత్తి వ్రాయునా? చంటిబిడ్డ కలదా? ఇవి ఊరక ఆరాతీయుటకై యడుగు ప్రశ్నలు కావు. చంటిబిడ్డ తల్లికి హుక్కులు ముందువైపుననే యుండవలెను. కీళ్ళనొప్పిచే భుజము తిరుగని ముసలమ్మకు వీపున హుక్కులు పెట్టినచో ఆ రవిక పెట్టెలోనే యుండిపోవును, లేదా ఆమె ప్రతియుదయమును కోడలిని పిలువవలసి వచ్చును. మెడ ఎంత లోతు, చేయి ఎంత పొడవు అనునవి తొడుగునామెయే చెప్పవలెను. తొడుగునామె యొకతె, మెడలోతు నిర్ణయించువారు ఇంటిలోని నలుగురు అయినప్పుడు కుట్టిన రవిక ఆ యైదుగురిలో నెవరికిని నచ్చకుండుటయే నేను తఱచుగా చూచితిని.

పిదప కొలతలు. పూర్వము దర్జీలు పెక్కురు పురుషులే యగుటచేత స్త్రీల దేహమున టేపు పెట్టుట మన పల్లెలలో అరుదుగా నుండెను. ఇంటనున్న పాతరవిక నొకదానిని గుడ్డతోకూడ పంపెడివారు. దానినే ఆది రవిక యందురు. నేటికిని ఈ పద్ధతి పోలేదు, పోనక్కఱయు లేదు. దానియందు మర్యాద కలదు. అయినను రెండు లోపములు కలవు. పలుమార్లు ఉతికిన గుడ్డ ఒకచోట సాగి, ఒకచోట ముడుచుకొని, కుట్టిననాటి కొలతను తప్పియుండును. మఱియు పాతరవికలోని దోషము క్రొత్తదానిలోనికి అట్లే దిగును. చంక క్రింద పట్టుచున్నదని తొడుగునామెకు తెలియును, దర్జీకి తెలియదు. కనుక ఆది పంపువారు దానితో రెండు మాటలు కూడ పంపవలెను: ఇందు ఏది బాగున్నది, ఏది బాధించుచున్నది అని. ఇప్పుడు అనేక గ్రామములలో స్త్రీలే కుట్టుపని నేర్చి యింటనే యంత్రము పెట్టుకొని కుట్టుచున్నారు గనుక, దేహముమీదనే కొలత తీయించుకొనుట సులభమైనది. ఆది రవికయు, టేపుకొలతయు రెండును ఉన్నచో ఒకదానిని మఱియొకదానితో సరిచూచుకొనవచ్చును.

కొలత తీయుటలో చిన్నచిన్న మెలకువలు కలవు. టేపు చూడగనే ఊపిరి బిగబట్టి, పొట్ట లోనికి లాగుకొని, నిక్కి నిలుచుట చాలమందికి అలవాటు. అట్లు తీసిన కొలత ఇంటికి పోయి ఊపిరి విడువగనే అబద్ధమగును. రెండు మాటలు మాటలాడించి, మామూలుగా నిలిచియున్నప్పుడు కొలువవలెను. టేపు దేహమున కంటియుండవలెను గాని బిగిసియుండరాదు. కొందఱు టేపు క్రింద రెండు వ్రేళ్ళుంచి కొలుతురు. మఱల కత్తిరించునప్పుడు లెక్కలో వదులు కలుపుదురు. అప్పుడు రెండుమార్లు వదులిచ్చినట్లగును. ఏదో యొకటియే చేయవలెను. గుడ్డటేపు కాలక్రమమున సాగును గనుక అప్పుడప్పుడు ఇనుపకొలబద్ద ప్రక్కన పెట్టి చూచుట మంచిది. పొడవు, భుజము, ఎదచుట్టు, నడుముచుట్టు, చంకచుట్టు, చేతిపొడవు, చేతిచుట్టు, ముందుమెడ, వెనుకమెడ అనునవి యందఱును తీయుదురు. భుజము నుండి ఎదయొక్క ఉన్నతస్థానము వఱకు గల దూరమును మాత్రము సిగ్గుచేత విడిచివేయుట కలదు. ఆ యొక్క కొలత లేనందుననే ముందుభాగపు మడతకుట్టు పైననో క్రిందనో ముగిసి, మిగిలినదంతయు సరిగానున్నను రవిక అందము చెడును. అంకెలను బిగ్గఱగా చదువక, పుస్తకమున తేదీతో వ్రాసికొనుట మర్యాద. అంగడిలో నలుగురు కూర్చుండియుండగా ఒకస్త్రీ కొలతలను కేకవేసి చెప్పించుకొను దర్జీకి ఎంత నేర్పున్నను నేను పని యియ్యను.

ఇక లెక్క. ఎదచుట్టు 36 అంగుళములనుకొందము. సరిగా 36కే కుట్టినచో ఊపిరి పీల్చుటకు చోటుండదు. కనుక 2 అంగుళములు వదులు కలిపి 38 చేయుదురు. రవికను నాలుగు పాళ్ళుగా తలచుట వాడుక గనుక ఒక్కొక్క పాలు 9½ అంగుళములు. దీనికి ప్రక్కకుట్టు వెలుపల విడుచు గుడ్డ 1½ అంగుళము చేర్చగా 11 అగును. ఈ లోపల విడుచు గుడ్డను వృథా యనుకొనువారు కలరు. ప్రక్కలు రెండు, ఒక్కొక్క ప్రక్కకు ముందుభాగపు అంచొకటి, వెనుకభాగపు అంచొకటి, మొత్తము నాలుగు. ఒక్కొక్క అంచున అర అంగుళము మాత్రము మిగిల్చి ఒక అంగుళము విడిచినచో 4 అంగుళములు పెరిగి 38 అంగుళముల రవిక 42 అగును. పెండ్లినాడు తొడిగిన పట్టురవికను ఇద్దఱు బిడ్డలు కలిగిన తరువాత మఱల తొడుగగలుగుట ఈ దాచిన గుడ్డ వలననే. గుడ్డ చాలినప్పటికిని లోపల అర అంగుళమే విడిచి మిగిలినది కత్తిరించి పాఱవేయుదురా, మీరు ప్రశ్నింపవచ్చును. చిన్నపిల్లల పరికిణీకి అడుగున రెండు మూడు మడతలు వేసి కుట్టించి, ఏటేట ఒక్కొక్క మడత విప్పెడి మన పూర్వపు గృహిణుల పొదుపు కూడ ఇట్టిదే.

గుడ్డను గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. నూలుగుడ్డ మగ్గముపై బిగువుగా లాగి నేయబడును. నీరు తగిలినప్పుడు ఆ బిగువు సడలి నూలు ముడుచుకొనును. గజమునకు ఒక అంగుళము తగ్గు గుడ్డ యనుకొన్నను, 38 అంగుళముల రవిక మొదటి ఉతుకునకే ఇంచుమించు 37 అగును. మనమిచ్చిన వదులులో సగము నీటిపాలయ్యెనన్నమాట. కనుక నూలుగుడ్డను కత్తిరించుటకు ముందు రాత్రి నీళ్ళలో నానవేసి, నీడను ఆరవేసి, ఇస్త్రీ చేయవలెను. లోపల వేయు లైనింగుగుడ్డ నూలుదైనచో దానికిని ఇదే సంస్కారము. పైగుడ్డ తగ్గక లోగుడ్డ తగ్గినచో పైగుడ్డ ఉబ్బి ముడుతలుపడును. తొందరలో ఈ పని విడిచివేయు దర్జీలు కలరు. తొందరపెట్టి విడిపించు గృహస్థులు అంతకంటె ఎక్కువ. పట్టును నానవేయరాదు, నిగనిగ తగ్గవచ్చును, రంగు దిగవచ్చును. లోపలివైపున పలుచనిగుడ్డ పఱచి తక్కువ వేడితో ఇస్త్రీ చేసిన చాలును. గద్వాల చీరలో సంప్రదాయముగా నడుమభాగము నూలు, అంచు పట్టు. ఒకే ముక్కలో రెండు స్వభావములు. నూలు ముడుచుకొని పట్టు ముడుచుకొననియెడల వాని కూడలిలో గుడ్డ ముడుతలుపడును గనుక అట్టి ముక్కను చూచి చూచి చేపట్టవలెను. పోచంపల్లి గుడ్డలో నూలును ముందే కట్టి రంగులద్ది నేయుటచేత రెండువైపులను బొమ్మ ఒకేవిధముగా కనబడును. ఏది పైవైపో ఏది లోవైపో ఒకసారి నిర్ణయించుకొని సుద్దతో గుర్తుపెట్టకున్నచో ఒకచేయి ఒకవైపు, రెండవచేయి రెండవవైపు వచ్చుట జరుగును. తల్లి పెట్టెలోని పాతపట్టు ముక్కను కుట్టించునప్పుడు దానిని విప్పి వెలుతురున కెత్తి చూడవలెను. ఏండ్లతరబడి ఒకే మడతలోనున్న పట్టు ఆ మడతగీతవెంట చిట్లియుండును. సూది తగిలినంతనే చీలును. ఆ సంగతి గుడ్డ తీసికొనునప్పుడే ఇరువురును చూచికొన్నచో తరువాత మాటపట్టింపునకు తావుండదు.

గుడ్డలో పడుగు, పేక అను రెండు దారులున్నవని మీరెఱుగుదురు. పడుగు తక్కువ సాగును. పేక కొంచెమెక్కువ సాగును. ఈ రెంటికి నడుమ ఏటవాలుగా లాగినచో గుడ్డ అన్నిటికంటె ఎక్కువ సాగును. రవిక నిడివి పడుగువెంట వచ్చునట్లు కత్తిరించుట సామాన్యధర్మము. మెడచుట్టు వేయు పట్టీని మాత్రము ఏటవాలుగా కత్తిరింతురు. సాగు స్వభావముచే అది వంపునందు ముడుత లేక ఒదుగును. చేతులకు అంచు రావలెనన్నప్పుడు ధర్మము మాఱును. చీరయంచు పడుగువెంట పోవునది గనుక, ఆ యంచు చేతి చివర రావలెనన్నచో చేతినిడివి పేకవెంట పడును. సుమారు 45 అంగుళముల వెడల్పు గల ముక్కకు ఈ కొనను ఒక అంచు, ఆ కొనను ఒక అంచు ఉన్నచో రెండు చేతులకు రెండు సరిపోవును. నడుమ మిగిలినదానిలో వీపును ముందుభాగములును ఒదుగవలెను. ముంజేతివఱకు చేతులును, నిండువీపును, వెడల్పైన అంచును అన్నియు ఒకే ముక్కలో కావలెనన్నచో 31½ అంగుళములు ఎచ్చటికి చాలును? ఏది వదలుకొందురో కత్తెర పడకముందే అడుగవలెను. బొమ్మల దిక్కునకూడ చూడవలెను. పూలకు తలక్రిందులైనను దోషము కనబడదు. నెమళ్ళకు, ఏనుగులకు కనబడును. వీపంతయు ఏనుగులు కాళ్ళు పైకెత్తి పడుకొన్న రవికను పెండ్లిపందిటిలో ఒకచోట చూచితిని. దానిని కుట్టించినవారు అది క్రొత్త మోస్తరనుకొనిరట.

వెలగల పట్టును నేరుగా కత్తిరింపక, ముందు లైనింగుగుడ్డను కత్తిరించి, పొడుగుకుట్లతో తాత్కాలికముగా కూర్చి, తొడిగించి చూచి, దిద్దుకొని, పిదప దానినే మాదిరిగా పట్టుపై పఱచి కత్తిరించుట మంచి పద్ధతి. ఇందులకు ఒకదినము ఎక్కువ పట్టును. దర్జీ యింటికి ఒకసారి ఎక్కువగా పోవలెను. పెండ్లిరవిక విషయమున ఈ యొక్కదినమును కుదించుకొనువారికి పొదుపేమియు లేదు.

చదునైన గుడ్డ వంపుదేహమున కెట్లు ఒదుగును? దొప్పకుట్టుట చూచినవారికి ఇది సులభముగా తెలియును. చదునైన ఆకును అట్లే ఉంచినచో విస్తరియగును. అంచున మడతపెట్టి పుల్ల గ్రుచ్చినచో గిన్నెవలె గుంటపడి పులుసు నిలుచును. రవిక ముందుభాగమున వేయు మడతకుట్లు ఆ పుల్లల వంటివి. మడత వెడల్పు ఎక్కువైనకొలది గుంట లోతగును. మడతమొన క్రమముగా సన్నగిలి గుడ్డలో లీనము కావలెను. మొద్దుగా ముగిసినచో అచ్చట గుడ్డ మొటిమవలె పొడుచుకొనివచ్చును. క్రాసు కటింగని యాడువారు చెప్పుకొను పద్ధతిలో ముందుభాగమును ఏటవాలుగా కత్తిరించి గుడ్డ సాగుడును కూడ ఈ పనికి వినియోగింతురు.

చంక అన్నిటికంటె కష్టము. చేయి ఎత్తినప్పుడు పట్టుచున్నదని చెప్పినంతనే అనుభవము చాలని దర్జీ చంకను ఇంకను క్రిందికి లోతుగా కత్తిరించును. ఇది కొండనాలుకకు మందువేసిన చందము. చంక ఎంత క్రిందికి దిగిన, చేయి ఎత్తినప్పుడు రవిక ప్రక్కభాగమంతయు అంత పైకి లాగబడును. నడుమువద్ద రవిక ఎగిరిపోవును. చంకగుంటకు దగ్గఱగా, పైకి, కుట్టిన చేతికే చలనము ఎక్కువ. నమ్మశక్యము కాకున్నను ఇది నిజము. నాట్లు వేయువారి రవికలను పరీక్షించి చూడుడు. చంకవంపు ముందువైపున కొంచెమెక్కువ లోతుగా, వెనుకవైపున తక్కువ లోతుగా నుండును, ఏలయన మనచేతులు వెనుకకంటె ముందునకే ఎక్కువగా పోవును. అందుచేత చేతిముక్కకును ముందు వెనుకలు కలవు. కత్తిరించినప్పుడే ముందువైపున గుర్తు కత్తిరించుకొననిచో కుడిచేయి ఎడమవైపున పడును. అట్లు పడిన రవిక చూచుటకు బాగుగనే యుండును. తొడిగినప్పుడు భుజమునొద్ద తిరుగుడు పుట్టును. కారణము తెలియక మనిషి భుజమే వంకరయనువారు కలరు.

యంత్రపు కుట్టును గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. పైదారము సూదిలోనుండి, క్రిందిదారము బాబినులోనుండి వచ్చి, గుడ్డమందములో ఒకదాని నొకటి మెలివేసికొనును. రెండు దారముల బిగువును సమముగా నున్నచో ముడి లోపలనే దాగియుండును. గుడ్డ అడుగువైపున ఉంగరములవలె దారము వ్రేలాడినచో పైదారపు బిగువు చాలలేదన్నమాట. పట్టునకు 11వ నంబరు సన్నసూది, మామూలు నూలునకు 14వ నంబరు సూది వాడుదురు. మొక్కవోయిన సూదితో పట్టును కుట్టినచో పోగులు లాగబడి గీతలుపడును. ఆ గీతలు ఇస్త్రీకి పోవు. పట్టు అంచులు పీచుపీచుగా విడిపోవును గనుక లోపలి కొసలకు కట్టుకుట్టు వేయవలెను. చంకక్రింద నాలుగు కుట్లు కలియు చోటును, హుక్కులపట్టీ క్రిందికొనను రెండుమార్లు కుట్టవలెను; చినుగుట మొదలగునది అచ్చటనే.

ఇప్పుడు నాకు ముఖ్యమని తోచిన మాట. అంగడులలో తయారురవికలు దొరకుచున్నవి. వెల తక్కువ, వేచియుండు పని లేదు. వానిని నేను నిందింపను. ఒడ్డు పొడవు సమముగా నున్నవారికి అవి బాగుగనే యమరును. కాని తయారురవికకు తెలిసినది ఒక్క నంబరే. 36 అని వ్రాసినది 36 అంగుళముల ఎదచుట్టు గల యందఱి వీపును, భుజమును, చేతులను ఒకేవిధముగా నుండునని తలచి కుట్టబడినది. ఏండ్లతరబడి వంగి నాట్లు వేసి, కలుపు తీసి, వీపు వంగిన ముసలమ్మను చూడుడు. ఆమె వీపుపొడవు ఎక్కువ, ముందుపొడవు తక్కువ. నంబరురవిక తొడిగినచో వీపున పైకి లేచును, ముందు క్రిందికి జాఱి ముడుతలుపడును. మెడ వెనుకకు లాగి గొంతునకు తగులును. కొలతకు కుట్టునామె మెడవెనుకనున్న ఎముకనుండి నడుమువఱకు వీపును వేఱుగ, ముందుభాగమును వేఱుగ కొలిచి, వీపున ఒక అంగుళము పెంచి, ముందు అంతమేర తగ్గించును. అంతటితో సరి. ఒక భుజము క్రిందికి దిగినవారికి ఇరువైపులను వేఱువేఱుగ కొలుతురు. శస్త్రచికిత్సలో ఒక రొమ్ము తీసివేయబడిన స్త్రీలు మన గ్రామములలోను కలరు. వారు బయటికి వచ్చుటకు జంకుచుందురు. రవిక లోపల ఆ వైపున చిన్న గుడ్డసంచివంటి అర కుట్టి, మెత్తని దూది దిండు నుంచుటకు వీలుచేసినచో చీర సమముగా నిలుచును. ఈ పనికి పెద్దవిద్య యక్కఱలేదు, అడుగుటకు ఒక స్త్రీకి ధైర్యమును, విని ఎవరితోను చెప్పక కుట్టుటకు మఱియొక స్త్రీకి మంచితనమును కావలెను. గ్రామమున కుట్టుపని నేర్చిన స్త్రీ యొకతె నిలుచుట ఎంత యవసరమో దీనివలన తెలియును. ఆమెకు పని లేక పట్టణమునకు పోయినచో ఈ ముసలమ్మలకు, ఈ రోగార్తులకు తగిన రవిక తెచ్చియిచ్చు అంగడి యేదియు లేదు.

ఇక తగవుల మాట. కొలత తప్పువ్రాసినను, చేతులు తాఱుమాఱు చేసినను, నూలును నానవేయక కుట్టినను తప్పు కుట్టినవారిదే; గుడ్డవెలలో న్యాయమైన పాలు వారు భరింపవలెను. గుడ్డ ముందే చిట్లియున్నను, ఆది రవికలోని దోషమును చెప్పకున్నను, కత్తెర పడిన తరువాత మెడ మార్చుమన్నను కుట్టించినవారిదే. ఈ రెంటికి నడుమ వచ్చు తగవులు మిక్కిలి హెచ్చు. వానికి మందు ముందుగా వ్రాసికొన్న చీటియే. తేదీ, గుడ్డ రంగు, ముక్క పొడవు, కుట్టవలసిన మాదిరి, కూలి, ఇచ్చెదనన్న దినము, గుడ్డలో కనబడిన లోపము — ఇవి ఒకకాగితమున రెండు ప్రతులుగా వ్రాసికొన్నచో చాలును. దర్జీలు గుడ్డ మిగుల్చుకొందురని లోకమున ఒక నింద కలదు. మిగిలిన పీలికలను, ఎంత చిన్నవైనను, సంచిలో వేసి రవికతోకూడ తిరిగి యిచ్చునట్టివారిని ఆ నింద అంటదు. ఆ పీలికలే రేపు అతుకునకు పనికివచ్చును.

కూలి విషయమున మాత్రము తప్పు ఎక్కువగా మనవైపుననే కలదు. లైనింగు వేసిన పట్టురవిక ఒకదానిని కొలుచుట, నానవేయుట, కత్తిరించుట, తాత్కాలికముగా కూర్చుట, కుట్టుట, చేతితో హుక్కులును మెడపట్టీయును కుట్టుట — వీనికి ఒక మనిషికి చాలవఱకు దినమంతయు పట్టును. మాఘమాసమునను, వైశాఖమునను, శ్రావణమునను ముహూర్తములన్నియు ఒక్కసారిగా వచ్చిపడును. ముహూర్తము నెలముందే తెలిసియు, నాలుగు దినముల ముందు గుడ్డ తెచ్చి పడవేసి, రాత్రింబవళ్ళు కుట్టించుకొని, కూలి మాత్రము పండుగ వెళ్ళిన తరువాత ఇచ్చెదమనుట ఎట్టి న్యాయము? దారము, హుక్కులు, లైనింగు ఆమె చేతిసొమ్ముతో కొనితెచ్చినవి. గుడ్డ ఇచ్చునప్పుడే సగము కూలి యిచ్చి, కనీసము రెండువారములు గడువిచ్చినచో, తొడిగించి చూచి దిద్దుటకు సమయము మిగులును.

రవిక చేతికి వచ్చినప్పుడు దానిని మడతతోనే పెట్టెలో పెట్టక, అచ్చటనే తొడిగి చూడవలెను. రెండుచేతులు పైకెత్తి, ముందునకు చాచి, క్రింద కూర్చుండి లేచి, వంగి చూడవలెను. అద్దము ముందు కదలక నిలుచుండి చూచినచో తెలియునది సగమే. వీపున అడ్డముగా ముడుతలున్నచో బిగువెక్కువ. నిలువుగా ముడుతలున్నచో వదులెక్కువ. చంకనుండి ఏటవాలుగా లాగు ముడుతలున్నచో చేయి అమరికలో దోషము. ఏది కనబడినను అప్పుడే చెప్పినచో దిద్దుట గడియసేపటి పని. ఒక హుక్కు అదనముగా, అదే రంగు దారము నాలుగు మూరలు చిన్న అట్టముక్కకు చుట్టి, అడిగి తెచ్చుకొనవలెను. నూలురవికను మొదటిసారి విడిగా చల్లని నీళ్ళలో ఉతికి, పిండక, నీడను ఆరవేయవలెను. పట్టురవికను చెమట యారకముందు మడతపెట్టరాదు. లోవైపు వెలికి త్రిప్పి ఒకరాత్రి గాలికి వ్రేలాడదీసి, మఱునాడు పలుచని తెల్లగుడ్డలో చుట్టి, మూడునాలుగు నెలల కొకసారి మడత మార్చి పెట్టుచుండవలెను.